మనిషి పేజీ

మా ఆటలో మనిషిగా ఉండడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పుస్తకంలో ఎనిమిది జాతులుండేవి. మొదటిది మనిషి. మిగిలిన ఏడూ వింతవి: రెక్కలున్నవాళ్లు, రాతి తోలున్నవాళ్లు, మొనదేలిన చెవుల అడవివాళ్లు, నడుము దాకా ఆడమనిషీ కింద పామూ అయినవాళ్లు, ఇంకా అలాంటివాళ్లు. ఆ బొమ్మలు చూశాక మనిషి బొమ్మ వైపు ఎవరి చూపూ మళ్లీ పోలేదు. వాళ్లను తప్పు పట్టను. సిద్దిపేటలో ఎండాకాలం మధ్యాహ్నం పూట, ఒళ్లో బీడీల చాట పెట్టుకుని చెమటలు కక్కుతున్న ఆడపిల్లను నువ్వేమవుతావని అడిగితే, మనిషినవుతానని ఎందుకంటుంది? అప్పటికే ఆ పని చేస్తూనే ఉంది కదా.

ఇది తొంభైల మొదట్లో సంగతి. నేను ఇంటర్ రెండో ఏడు లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్నాను. మా బాపు గజ్వేల్‌లో స్కూలు టీచరు. పొద్దున్నే బస్సెక్కి పోయేవాడు, సాయంత్రం దిగగానే నా లెక్కల గురించి అడిగేవాడు. పగలంతా అదే అడగడానికి అమ్మ ఉండేది. ఆ ఇద్దరి మధ్య ఊపిరి తీసుకోవడానికి నాకు దొరికిన జాగ పక్కింటి వసారా. ఆ ఇంట్లో నా ఈడు స్నేహితురాలు ఒకతి ఉండేది. వాళ్లమ్మను నేను పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలిచేదాన్ని. మధ్యాహ్నం వంటపని అయ్యాక ఆ వసారాలో చుట్టుపక్కల ఆడపిల్లలు చేరి బీడీలు చుట్టేవాళ్లు. నేను చుట్టేదాన్ని కాదు. సారు బిడ్డ బీడీలు చుట్టడమేమిటని మా అమ్మ పట్టుదల. ఖాళీ చేతులతో గోడకానుకుని వాళ్ల కబుర్లు వినేదాన్ని.

పుస్తకం తెచ్చింది ఖాలా తమ్ముడు. ఆయన కువైట్‌లో ఒక పెద్దింట్లో డ్రైవరుగా ఉండి, అక్కడ లడాయి రావడంతో ఉన్నదంతా ఒక్క సూట్‌కేసులో కుక్కుకుని ఇంటికొచ్చేశాడు. అందులో సగం ఆ ఇంటి పిల్లలు ఆడి పారేసిన సామానే. ఒక అట్టపెట్టె తీసి, "బచ్చోంకా ఖేల్ హై, తుమ్ లోగ్ లేలో" అని, పిల్లల ఆటేదో మీరే తీసుకోండన్నట్టు మా ముందు పడేశాడు. పెట్టెలో దళసరి ఇంగ్లీషు పుస్తకం ఒకటి, మడతలు పెట్టిన పటం ఒకటి ఉన్నాయి. పాచికలు మాత్రం లేవు, కువైట్‌లోనే ఉండిపోయాయి.

ఆటకు కూర్చున్న మా నలుగురిలో అంత ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కదాన్నే. లెక్కలు రాకపోయినా మా బాపు పుణ్యమా అని అదొక్కటి వచ్చింది. డిక్షనరీ పక్కన పెట్టుకుని పది రోజులు కుస్తీ పడితే సంగతి తలకెక్కింది. ఇది గళ్ల మీద కాయలు జరిపే ఆట కాదు. ఒకరు కథ చెబుతారు. మిగతావాళ్లు తలా ఒక వేషం తీసుకుంటారు. ఎదురుగా పులి వచ్చింది, ఏం చేస్తావు అని కథ చెప్పేవాళ్లు అడిగితే, పారిపోతానో, ఎదురు తిరుగుతానో ఆడేవాళ్లు చెప్పాలి. ఆ పని నెగ్గిందా లేదా అన్నది పాచికలు తేలుస్తాయి. మేము పాచికలకు బదులు ఖాలా దగ్గరున్న ఆరు గవ్వలు తెచ్చుకున్నాం. మూడు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వెల్లకిలా పడితే నెగ్గినట్టు.

"గిదేం ఆటనే? కూసోని ముచ్చట చెప్పుడే గదా" అని మొదట పెదవి విరిచారు. కానీ ఆ ఆట బీడీలు చుట్టేవాళ్ల కోసమే పుట్టినట్టుంది. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం అన్నీ చేతులు వాటంతటవే చేసుకుపోతాయి. నోరూ బుర్రా ఖాళీగా ఉంటాయి. గవ్వలు వేసేటప్పుడు మాత్రం ఒక చెయ్యి ఒక్క క్షణం ఆగితే చాలు.

వాళ్ల పేర్లు నేనిక్కడ రాయను. నిజానికి అప్పట్లో మా వీధిలో మనుషుల్ని పేర్లతో కన్నా వాళ్లింటి పనితోనే ఎక్కువ గుర్తుపెట్టుకునేవాళ్లం. ఆ పని మళ్లీ చేయడం ఇష్టం లేదు కాబట్టి, ఆటలో వాళ్లంతట వాళ్లు ఎంచుకున్న జాతులతోనే పిలుస్తాను.

రెక్కల పిల్ల వాళ్లది బెజ్జంకి దగ్గర పల్లె, మా వీధిలో చుట్టాలింట్లో ఉండేది. వాళ్ల నాయిన తాళ్లెక్కి కల్లు తీసేవాడు. పొద్దున ఆయన మోకు భుజాన వేసుకుని వెళ్లాక, తిరిగి గడపలో కాలు పెట్టేదాకా వాళ్లమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదట. "మోకు తెగినా భయముండదే" అంది రెక్కల బొమ్మ మీద వేలు పెట్టి. అంతకుమించి ఆలోచించలేదు.

అడవి పిల్ల నా స్నేహితురాలే, ఖాలా కూతురు. ఆ జాతివాళ్లు ఐదు వందల ఏళ్లు బతుకుతారని నేను చదవగానే "యా అల్లా, ఐదొందల ఏండ్లు బీడీలు చుట్టాల్నా?" అని నవ్వింది. అయినా ఆ జాతే కావాలంది. ఎందుకంటే వాళ్లకు పాటలు కట్టి ఊరూరా తిరిగే పని ఉంది. పదో తరగతి అయినప్పటి నుంచి మా వీధి మలుపు దాటాలంటే ఆమెకు అన్నో మామూనో తోడుండాల్సిందే.

రాతి పిల్ల వాళ్లది మా వాడకట్టుకు బట్టలుతికే కుటుంబం. మా ఇంటి బట్టలు కూడా వాళ్లే ఉతికేవాళ్లు. నాకన్నా రెండేళ్లు పెద్దది. అయినా నేను ఆమెను ఏనాడూ అక్కా అనలేదు, మా ఇంట్లో ఎవరూ వాళ్లను వరస పెట్టి పిలిచేవాళ్లు కాదు కాబట్టి. ఆమె పొద్దున చెరువు దగ్గర పని ముగించుకుని, మధ్యాహ్నం వసారాకు వచ్చేది. సోడా నీళ్లలో నాని వేళ్లు పగిలి ఉండేవి. పగుళ్లలో తంబాకు పడితే మండుతుందేమో, మూతి ముడిచి ఊదుకునేది. రాతి తోలువాళ్లను ఎండ ఏమీ చేయదు, నిప్పు ఏమీ చేయదు, వాళ్ల చర్మం పగలదు అని చదివానో లేదో "గిదే" అంది.

వింత వేషం అంటే మాలో ఎవరికీ బెరుకు లేదు. పీర్ల పండుగకు ఒంటికి చారలు పూసుకుని పులి వేషం కట్టేవాళ్లను చూసి పెరిగినవాళ్లం. రోజూ తలవంచుకుని బండి లాగే మనిషి ఆ వేషంలో షావుకారు దుకాణం ముందు నిలబడి గుర్రుమంటే, షావుకారు నవ్వి ఊరుకునేవాడు. వేషం తీసేశాక ఆ గుర్రు ఉండదని ఇద్దరికీ తెలుసు. ఆ కొద్దిసేపటి కోసమే వేషం.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో నాతోపాటు పనిచేసే ఒకామె వారం వారం ఇలాంటి ఆటే ఆడుతుందని తెలిసి, కుతూహలం పట్టలేక అడిగాను. ఇప్పుడు జాతులు లెక్కలేనన్ని వచ్చాయట. అందరూ వాటి గురించే మాట్లాడతారట. తీరా కూర్చుని ఆడేటప్పుడు మాత్రం తన జట్టులో ఎక్కువమంది మనిషినే తీసుకుంటారని, చేతికో కత్తి ఇస్తే చాలంటారని చెప్పింది. నేను నమ్మలేకపోయాను. ఆమె నన్ను అదోలా చూసింది. మనిషిగా ఉండడంలో సరదా ఏముందో ఆమెకు తెలుసు, ఖాలా వసారాలో మాకెవరికీ తెలియదు. ఆ తెలియకపోవడంలో సగం తప్పు నాది, అదే ఇప్పుడు చెప్పబోతున్నది.

వేషాలు ఎంచుకున్న రోజు నేనొక నోటుబుక్కులో గీతలు గీసి పట్టిక వేశాను. పేరు, జాతి, పని, బలం. ఆ జాతికి ఏయే పనులు చెల్లుతాయో పుస్తకంలో జాతి కింద రాసి ఉండేది. రెక్కలవాళ్లు వేగు చూడొచ్చు, బాణాలు వేయొచ్చు. రాతివాళ్లు కత్తి తిప్పొచ్చు, కొలిమి పని చేయొచ్చు. అడవివాళ్లు పాటలు కట్టొచ్చు, మంత్రాలు నేర్వొచ్చు. ఫలానా జాతికి ఫలానా పనే ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ ఒక్క ముక్క అర్థం చేసుకోవడానికి మాకు డిక్షనరీ అక్కర్లేకపోయింది. ఏ ఇంట్లో పుడితే ఆ పని. కువైట్ నుంచి వచ్చిన పుస్తకంలో కూడా అదే ఉండడం మాకు వింతగా తోచలేదు. వింత జాతుల పుస్తకంలో మాకు వింత కానిది అదొక్కటే.

మనిషి పేజీ దగ్గర "గది తియ్యి, మనం సూడని మనుషులా?" అంది రెక్కల పిల్ల. అందరం నవ్వాం. నేను ఆ పేజీ చదవకుండానే తిప్పేశాను.

ఆట బాగా సాగింది. పుస్తకంలోని పటం పక్కన పెట్టి మా పటం మేమే గీసుకున్నాం. నారాయణరావుపేట దాటితే దయ్యాల తోట, బెజ్జంకి దిక్కు గుట్టల్లో ఏడు తలుపుల కోట. కోట లోపల ఏముందో నాకూ తెలియదు, రోజూ అన్నం తింటూ కల్పించేదాన్ని. ఖాలా మధ్యమధ్యలో తొంగిచూసి "ఆజ్ కౌన్ మరా జీ?" అని ఆ రోజు ఎవరు చచ్చారో కనుక్కుని పోయేది. రాతి పిల్ల అందరికన్నా ముందు నడిచేది. దెబ్బలన్నీ తను కాసేది. చేతులు బీడీలు చుడుతుంటే నోటితో గుహలు కూలగొట్టేది.

నెల దాటాక ఒకరోజు పుస్తకం ఆమె చేతికి వెళ్లింది. పేజీలు తిప్పుతూ ఒక బొమ్మ దగ్గర ఆగింది. మాంత్రికురాలి బొమ్మ. నడివయసు ఆడమనిషి ఒకతి కిటికీ పక్కన కూర్చుంది, ఒళ్లో పెద్ద పుస్తకం, చుట్టూ ఎవరూ లేరు. రాతి పిల్ల చాలాసేపు చూసింది.

"నెత్తి మీద మూట లేదు సూడు" అంది. "చేతులు గూడ తడిగ లేవు."

నేను పట్టికలో ఆమె గడి వైపు చూశాను.

"నేను గిది అయితా."

"రాతోళ్లకు మంత్రాలు రావు" అన్నాను.

"నేర్సుకుంటే?"

"నేర్చుకున్నా రావు. పుస్తకంల లేదు."

ఆమె తలూపి మళ్లీ చాట మీదికి వంగింది. మర్నాడు మళ్లీ అడిగింది. "గురువును పట్టుకుంటే?" లేదన్నాను. ఆ తర్వాతి రోజు, "గీ రాతి బతుకు ఇడిసి, సచ్చి, ఇంకో పుట్టుక పుడితే?" అంది. రెక్కల పిల్ల పకపకా నవ్వింది. "ఆట నడుమ జాతి మార్చుకునుడు ఉండదు" అన్నాను. అది పుస్తకంలో లేదు. ఆ రూలు నేనే పుట్టించాను. నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

ఇంటికి పోయేటప్పుడు మా గుమ్మం ముందు ఆగి ఆమె నాతో మామూలుగానే చెప్పింది. నాలుగో తరగతిలో ఉండగా వాళ్లమ్మకు జబ్బు చేసి దవాఖానలో పడితే బడి మానేసింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. "ఒక్కపారన్న సదివెటోళ్ల తీరు కూసోవాలని ఉన్నది. నిజంగ గాకుంటె ఆటలనన్న" అంది. అంతకన్నా విడమరిచి ఎవరు చెబుతారు? నేను మాత్రం, రూలు రూలే కదా, నేనేం చేయను అన్నట్టు మొహం పెట్టాను.

ఆ తర్వాత రెండు మూడు రోజులకు, చుట్టిన బీడీలు కార్ఖానాలో అప్పజెప్పే రోజు వచ్చింది. ఆట లేదు. ఇంట్లో మంచం మీద పడుకుని పుస్తకం తిరగేస్తున్నాను. ఏమీ తోచక మొదటి నుంచి మొదలుపెట్టి మనిషి పేజీ చదివాను. మనిషికి చీకట్లో కళ్లు కనపడవు. రెక్కలుండవు. ఆయుష్షు తక్కువ. పుట్టుకతో వచ్చే వరం ఒక్కటీ లేదు. ఇదంతా రాసి, కింద ఇంకో మాట రాశారు: మనిషి ఏ పనైనా నేర్చుకోవచ్చు. వేరే జాతులకున్న హద్దులు మనిషికి లేవు.

లేచి కూర్చున్నాను. ఒకటికి పదిసార్లు చదివాను. రాతి పిల్లకు కావాల్సిన జవాబు మొదటి పేజీలోనే ఉంది. ఆ పేజీని నవ్వుతూ తిప్పేసింది నేను.

మర్నాడు చెప్పాలి కదా. చెప్పలేదు. ఆ మర్నాడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్లలో నాకు నేను చాలా సాకులు చెప్పుకున్నాను. ఆట మధ్యలో గందరగోళమవుతుందని, అంత గట్టిగా లేదని చెప్పి ఇప్పుడు ఉందంటే పరువు పోతుందని. అవీ నిజమే. కానీ అసలు సంగతి వేరే ఉంది. ఆ వసారాలో అందరి చేతులకూ పని ఉంది. నాకున్నదల్లా ఆ పుస్తకం. అది చదవడం నా ఒక్కదాని సొత్తు. పెరటి గుమ్మం దగ్గర నిలబడి మా మాసిన బట్టల మూట అందుకునే అమ్మాయి, ఆటలో అయినా సరే, పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం నాకు గిట్టలేదు. అంత నీచంగా ఆలోచించగలనని అప్పటిదాకా నాకు తెలియదు.

పదిహేను రోజులు గడిచాయి. ఆటలో వాళ్లు కోటలో ఐదో తలుపు దాకా వచ్చారు. ఆ తలుపు మీద మంత్రం చెక్కి ఉందని, అది చదివితే తప్ప తెరుచుకోదని చెప్పాను. అడవి పిల్ల మంత్రాలు నేర్వలేదు, పాటలే నేర్చింది. ఆమె గవ్వలు వేసింది, ఒక్కటే వెల్లకిలా పడింది. రెక్కల పిల్ల పైనుంచి దూరుదామంది, పైన కప్పుంది. రాతి పిల్ల గుద్దితే తలుపు కదల్లేదు.

"నేను సదువుత" అంది రాతి పిల్ల.

"రాతోళ్లకు రాదని చెప్పిన కదా."

ఆమె నా మాట పూర్తికాకముందే గవ్వలు విసిరింది. ఆరుకు ఆరూ వెల్లకిలా పడ్డాయి. అన్ని రోజుల్లో ఎవరికీ ఆరు పడలేదు. రెక్కల పిల్ల చాట కింద పెట్టి చప్పట్లు కొట్టింది.

"ఇది చెల్లదు" అన్నాను.

"ఆరుకు ఆరు పడ్డయి గదనే" అంది రెక్కల పిల్ల నెమ్మదిగా. రాతి పిల్ల గవ్వల వైపే చూస్తూ, "మరి ఎవలకు వస్తది? సక్కగ చెప్పు. ఏ జాతోళ్లకు వస్తది?" అంది.

అడవివాళ్లకు, పామువాళ్లకు అని చెప్పి ఆగాను. ఎందుకు ఆగానో నా స్నేహితురాలికి అర్థమై ఉండదు, కానీ ఆమె చేతికి పుస్తకం తగిలింది. మొదటి పేజీ తెరిచి, "గీ మనిషిది మనం సదువనే లేదు గదా" అని నా ముందు పెట్టింది.

చదివాను. ఎప్పటిలాగే ముందు ఇంగ్లీషు వాక్యం, తర్వాత దాని అర్థం. చదివి తలెత్తాను.

"ఏ పనన్ననా?" అంది రాతి పిల్ల.

"ఆ."

"ఏ మనిషన్ననా? మా అసొంటోళ్లు గూడనా?"

"పుస్తకంల మనిషి అని ఒక్కటే ఉన్నది."

"గట్లయితే గిది రాసినోడు మా వాడకు రాలే" అంది. ముగ్గురూ పడీపడీ నవ్వారు. గండం గడిచిందనుకుని నేనూ నవ్వాను. నవ్వు ఆగాక ఆమె నా వైపు తిరిగింది.

"మిగతా పేజీలన్ని ఆగుకుంట ఆగుకుంట సదివితివి. ఒక్కొక్క మాటకు డిక్షనరీ సూసుకుంటివి. గిది గడగడ సదివినవ్. ఎన్నడు సదివినవ్ గిది?"

అబద్ధం చెప్పబోయి మానుకున్నాను. "పదిహేను రోజులైంది" అన్నాను.

ఆమె తిట్టలేదు. కట్టిన కట్టలు చాటలో సర్దుకుంది, మిగిలిన ఆకు తడిగుడ్డలో చుట్టుకుంది, లేచి వెళ్లిపోయింది. మిగతా ఇద్దరూ నాతో ఆ పూట మాట్లాడలేదు. నేను కూడా ఎక్కువసేపు కూర్చోలేకపోయాను.

ఐదు రోజులు ఆమె వసారాకు రాలేదు. మా ఇంటికి బట్టల కోసం ఆమె బదులు వాళ్లమ్మ వచ్చింది. ఆరో రోజు నేను పుస్తకం పట్టుకుని వాళ్ల వాడకు బయల్దేరాను. మా ఇంటి నుంచి పిలిస్తే పలికేంత దూరం. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నేను ఆ వాడలో అడుగుపెట్టడం అదే మొదలు. దారి అడగాల్సి వచ్చింది, అడుగుతుంటే చెవులు వేడెక్కాయి.

ఆమె చూరు నీడన బట్టల కుప్పల మధ్య కూర్చుని ఉంది. చేతిలో పుల్ల, పక్కన చిప్పలో నల్లటి జీడిగింజ రసం.

"బట్టలు రేపిస్తం" అంది.

"బట్టల కోసం రాలే. ఆటకు రా. నువ్వు మనిషివై మాంత్రికురాలివి కా. నేను ఒప్పుకుంటున్న."

ఆమె పుల్ల కింద పెట్టింది. "నువ్వు వద్దంటే వద్దు, సరే అంటే సరే. గదేం ఆటనే?"

"తప్పు చేసిన" అన్నాను.

"చేసినవ్" అంది. పోనీలే అనలేదు. కుప్పలోంచి ఒక చొక్కా లాగి, కాలరు లోపలి వైపు తిప్పి చూపించింది. అంచు మీద ఆ రసంతోనే పెట్టిన చిన్న నల్ల గుర్తు: రెండు చుక్కలు, వాటి కింద అడ్డగీత. "గిదేంది?"

"తెల్వదు."

"మీ ఇల్లు. గిది మీ బాపు అంగి. నీ లంగా మీద ఉన్నది, మీ అమ్మ చీరల మీద ఉన్నది. గిదేమో డాక్టరు ఇల్లు. గిది మూల మీది దుకాణమోళ్లది. చెరువు కాడ నూరిళ్ల బట్టలు కలుస్తయి, ఒక్కటి తప్పిపోదు. పుట్టినకాడికెల్లి తొడుక్కుంటున్నవ్, ఎన్నడన్న సదివినవా?"

చదవలేదు. అది గుర్తని కూడా నాకు తెలియదు, మరకనుకున్నాను. సిగ్గుతో తల దించుకున్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని "గా పేజీ సూపియ్యి" అంది.

నేల మీద ఆమె పక్కనే కూర్చున్నాను. ఒక్కొక్క మాట కింద వేలు పెట్టి చదవమంది. చదివితే తను పలికింది. మొత్తం పేజీ మూడుసార్లు. ఆమె అక్షరాలు నేర్చుకోలేదు, మాటల ఆకారం పట్టుకుంది, ఒక్కో మాట ఒక్కో ఇంటి గుర్తు అయినట్టు. గంట తిరక్కుండా మనిషి అన్న మాటను పుస్తకంలో ఎక్కడున్నా వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. నేను ఇంగ్లీషు నేర్చుకోవడానికి బాపు చేత ఎన్ని దెబ్బలు తిన్నానో గుర్తొచ్చింది. పుస్తకం అక్కడే ఉంచేసి లేచాను. ఆమె వద్దనలేదు.

రెండు రోజుల తర్వాత ఆమె వసారాకు వచ్చింది. చాట పక్కన పెట్టి, రోజూ నేను కూర్చునే చోట గోడకానుకుని కూర్చుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుంది. "క్యా జీ, ఆజ్ ఉస్తాద్ బదల్ గయా?" అని, పంతులు మారిందేమిటని ఖాలా నవ్వుతూ లోపలికి పోయింది.

"ఇప్పటిసంది కథ నేను చెప్త" అంది రాతి పిల్ల.

"మరి మంత్రాలో?" అంది రెక్కల పిల్ల. "మాంత్రికురాలివి అయితనంటివి గదా?"

"మంత్రాలు సదివెటోళ్లు గూడ తలుపు తెర్సుకున్నదా అని కథ చెప్పెటోళ్లనే అడగాలె. ఇన్ని దినాలు సూస్తలేనా?" అని నా వైపు తిరిగింది. "నీకేమో ఇన్ని దినాలు జాతి లేకుండె. నువ్వు మమ్ములను అడిగినవ్, నిన్నెవ్వలు అడగలే. ఇప్పుడు చెప్పు. నువ్వేం జాతి?"

నవ్వబోయాను. వాళ్లెవరూ నవ్వడం లేదు. రెక్కలు కావాలని, ఐదు వందల ఏళ్లు కావాలని అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

"మనిషి" అన్నాను.

"మంచిది. ఏ పనన్న చెయ్యొచ్చు. నీకేం పనొస్తది?"

"సదువొస్తది."

ఆమె మొదటి పేజీ తెరిచింది. వేలు పెట్టి, ఒక్కో మాట దగ్గర ఆగుతూ, మొదటి వాక్యం నుంచి చివరి వాక్యం దాకా ఇంగ్లీషులో పైకి చదివింది. ఒక్కచోట తడబడి వెనక్కి వెళ్లి మళ్లీ చదివింది. నా స్నేహితురాలు నోరు తెరుచుకుని చూస్తోంది.

"గింత నాకు గూడ వస్తది" అంది. "ఇంకేమొస్తది?"

రెక్కల పిల్ల చేతిలో సగం చుట్టిన బీడీ అలాగే ఆగింది. ముగ్గురూ నా చేతుల వైపు చూస్తున్నారు. నేనూ చూసుకున్నాను. మా ఇంట్లో వంట మా అమ్మ చేస్తుంది. బట్టలు వీళ్లు ఉతుకుతారు. లెక్కలు తప్పాను. ఏడుపొస్తుందనుకున్నాను గానీ వచ్చింది కోపం, అదీ నా మీదే.

"ఏం రాదు" అన్నాను.

ఆమె ఎగతాళి చేయలేదు. పట్టిక రాసే నోటుబుక్కు నా ముందు నుంచి తీసి నా స్నేహితురాలి ఒళ్లో పెట్టింది.

"రాస్కో. జాతి, మనిషి. పని..." అని ఆగి, నన్నొకసారి పైనుంచి కింది దాకా చూసింది. "పని, ఇంకా ఏం రాదు. ఇంకా అని రాయి, మర్సిపోకు."